ఎవరూ అరటిపండు కాని ఆట

పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక ఒక బిందె తెచ్చి వధూవరుల మధ్య పెడతారు. అందులో నీళ్లు, ఆ నీళ్లలో ఒక ఉంగరం. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టి దాన్ని వెతికి తీయాలి. బిందె మూతి ఇరుకు, లోపల ఏం జరుగుతోందో పైకి కనపడదు. చుట్టూ మూగినవాళ్లు అప్పటికే ఆడపెళ్లివారు, మగపెళ్లివారుగా చీలిపోయి ఉంటారు. "వదలొద్దే!" అని ఇటు నుంచి, "పట్టెయ్ రా!" అని అటు నుంచి కేకలు. అర నిమిషంలో ఒక చెయ్యి పైకి లేస్తుంది. ఒక పక్క చప్పట్లు, ఇంకో పక్క "ఇంకా రెండుసార్లు ఉందిలే" అని ధీమా. మూడోసారి వచ్చేసరికి, మోకాళ్ల నొప్పులని వెనక కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు కూడా లేచి మెడలు చాచి చూస్తుంటారు.

దీన్ని తంతుగా కాక ఆటగా చూస్తే ఎంత బాగా కుదిరిందో తెలుస్తుంది. నియమం ఒక్క వాక్యంలో అయిపోయింది. విడత అర నిమిషమే. ఎవరు గెలిచారో ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్లకు కనపడుతుంది. ఆడేది ఇద్దరే, కానీ ఆ హాల్లో ఏదో ఒక పక్షం పట్టని మనిషి ఉండడు. ఓడినవాళ్లకు పోయేదీ ఏమీ లేదు. ఇప్పుడు షాపుల్లో 'పార్టీ గేమ్' అని పెట్టె మీద రాసి అమ్మే ఆటలన్నీ చేరుకోవాలని చూసేది సరిగ్గా ఇక్కడికే.

సంక్రాంతికో, ఎవరి గృహప్రవేశానికో పది పదిహేను మంది చుట్టాలు ఒక ఇంట్లో చేరినప్పుడు, భోజనాలయ్యాక ఎవరో ఒకరు "ఏదైనా ఆడదాం" అంటారు. కొన్నిసార్లు ఆ మాట మీద రాత్రి ఒంటిగంట దాకా ఇల్లు దద్దరిల్లుతుంది. కొన్నిసార్లు అరగంటకే ఒకరు ఫోన్ చూసుకుంటూ, ఒకరు ఆవులిస్తూ, పిల్లలు మారాం చేస్తూ ఆట దానంతట అదే చచ్చిపోతుంది. అలా జరిగితే "మావాళ్లకి ఆటలంటే పడదు" అని తేల్చేస్తారు. మనుషుల్ని తప్పుబట్టడం తేలిక. కానీ అదే మనుషులు పెళ్లి బిందె చుట్టూ అంతగా ఊగిపోయారు కదా. చాలాసార్లు లోపం ఎంచుకున్న ఆటలో ఉంటుంది, అదీ ఒకే ఒక్క చోట: ఆ ఆటలో ఒక్కో మనిషి ఎంతసేపు ఊరికే కూర్చోవాల్సి వస్తోంది?

లెక్క చాలా చిన్నది. ఎనిమిది మంది ఒకరి తర్వాత ఒకరు ఆడే ఆటలో ఒక్కో వంతు ఒక నిమిషం అనుకుందాం. తన వంతు అయిపోయిన మనిషి మళ్లీ ఆడాలంటే ఏడు నిమిషాలు ఆగాలి. గంటసేపు ఆడితే అందులో యాభై నిమిషాలకు పైగా ఎదురుచూపే. మూడో నిమిషానికి ఫోన్ చేతిలోకి రావడంలో ఆ మనిషి తప్పేముంది?

అదే ఎనిమిది మందిని రెండు జట్లు చేసి పిక్షనరీ ఆడించండి. అమెరికాలోని సియాటిల్‌లో రాబ్ ఏంజెల్ అనే కుర్రాడు 1985లో అమ్మకానికి తెచ్చిన ఆట ఇది. ఒకరు బొమ్మ గీస్తుంటే ఆ జట్టులో మిగతా ముగ్గురు అదేమిటో అరుస్తూ ఊహిస్తారు. ఎదుటి జట్టు నలుగురూ ఇసుక గడియారం వంక చూస్తూ, అది త్వరగా అయిపోవాలని కోరుకుంటారు. గీసేది ఒక్కరే, అయినా ఎనిమిది మందికీ ఆ నిమిషంలో పని ఉంది. కొన్ని కార్డులకైతే రెండు జట్లూ ఒకేసారి గీయాలి, అప్పుడు ఇల్లు చేపల మార్కెట్టే. బొమ్మలు వేయడం రానివాళ్లే ఇందులో ఎక్కువ నవ్విస్తారు. ఆవు అనుకుని గీసింది మంచంలా కనపడితే, ఆ మంచం మీద పదేళ్ల పాటు కబుర్లు నడుస్తాయి.

మన ఇళ్లలో 'బిజినెస్' అని పిలుచుకునే స్థలాలు కొనే ఆట దీనికి పూర్తిగా ఎదురు. సగం ఆటకే ఎవరు గెలుస్తారో తేలిపోతుంది, మిగతా సగం ఆ గెలిచేవాళ్లకు అద్దెలు కట్టుకుంటూ పోవడమే. దివాలా తీసినవాళ్లు లేచి టీవీ ముందు కూర్చుంటారు. ఇది రూపకల్పనలో జరిగిన పొరపాటు కాదు. దీని మూలరూపానికి 1904లో పేటెంట్ తీసుకున్న ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ, భూములున్నవాళ్లు అద్దెలతో ఎలా లావెక్కుతారో, కట్టేవాళ్లు ఎలా చితికిపోతారో జనానికి అర్థం కావాలనే దాన్ని తయారుచేసింది. తర్వాత 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీగా అమ్మిన ఆటలో ఆ పాఠం పోయి, చితికిపోవడం మాత్రం మిగిలింది. నలుగురు తీరిగ్గా ఆడుకోవడానికి అది బాగానే ఉంటుంది. చుట్టాలతో నిండిన ఇంట్లో మాత్రం తీయకూడని పెట్టె.

ఊరికే కూర్చోవడం అనే ఈ సమస్యకు తెలుగు పిల్లలు ఎప్పుడో ఒక పేరు పెట్టారు, ఒక విరుగుడూ కనిపెట్టారు. వీధిలో పంటలు వేసుకుని ఆట మొదలుపెడుతుంటే ఎవరి తమ్ముడో, నాలుగేళ్లవాడు, నేనూ వస్తానని ఏడుస్తాడు. వాణ్ణి వద్దనలేరు, చేర్చుకుంటే ఆట పాడవుతుంది. అందుకని వాడు 'ఆటలో అరటిపండు'. అందరితో పాటు పరిగెత్తుతాడు, దొరికినా దొంగ కాడు, వాడు ఎవర్ని పట్టుకున్నా లెక్కలోకి రాదు. వాడికి ఆ సంగతి తెలియదు కాబట్టి సంతోషంగా ఉంటాడు. ఇంతకంటే దయగల నియమం ఏ పెట్టెలోనూ అచ్చు కాలేదు.

చిక్కల్లా పెద్దవాళ్లు అరటిపండ్లు అయినప్పుడే. ఇంగ్లీషు కార్డులు చదవలేని అమ్మమ్మ, పిల్లల స్నేహితుల మధ్య ఇరుక్కున్న పెదనాన్న, మొన్ననే పెళ్లై వచ్చిన కొత్త కోడలు. వీళ్లను ఆటలో కూర్చోబెడతారు, వాళ్ల బదులు పక్కవాళ్లు ఆడేస్తారు. నాలుగేళ్లవాడిలా కాక, తాము లెక్కలో లేమని వీళ్లకు వెంటనే తెలిసిపోతుంది. "నాకు పనుంది, మీరాడుకోండి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. మంచి సందడి ఆట అంటే ఒక్కటే గుర్తు: కూర్చున్నవాళ్లలో ఎవరినీ అరటిపండు చేయాల్సిన అవసరం రానిది.

ఈ కొలతతో చూస్తే అష్టాచమ్మా ఇప్పటికీ తలవంచుకోవాల్సిన పని లేదు. ఇటుక ముక్కతోనో సుద్దతోనో నేల మీద ఐదు నిలువు, ఐదు అడ్డం గళ్లు గీస్తారు. నాలుగు వైపులా నడిమి గడికీ, మధ్య గడికీ అడ్డగీతలు కొడితే పటం సిద్ధం. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు చాలు. ఒక పక్క బండ మీద అరగదీస్తే నల్లటి తొక్క పోయి తెల్లటి పప్పు కనపడుతుంది. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, ఒక్కటీ పడకపోతే అష్టా అంటే ఎనిమిది. ఈ రెండింటికీ మళ్లీ వేసే వీలుంటుంది.

గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగింటికి కలిపి పదహారు రకాలుగా పడే వీలుంది. అందులో ఆరుసార్లు రెండు, నాలుగేసి సార్లు ఒకటీ మూడూ, ఒక్కొక్కసారి మాత్రమే నాలుగూ ఎనిమిదీ. అంటే ఎదుటివాళ్ల కాయకు రెండు గళ్ల ముందు నిలబడ్డ కాయకే గండం ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద ఎప్పుడూ వేసి ఎరగని అమ్మమ్మలకు వేళ్ల చివర ఉంటుంది. "అక్కడ పెట్టకురా, చస్తావు" అని మనవడికి వాళ్లు చెప్పే సలహాలో పదహారులో ఆరు అనే సంభావ్యత దాగి ఉంది. అన్నింటికన్నా ముఖ్యం, చచ్చిన కాయ ఆట వదిలి పోదు, మొదటి గడికి తిరిగి వస్తుంది. పండటానికి ఒక్క గడి దూరంలో కాయ పోగొట్టుకున్న మనిషి పెట్టే కేక, తర్వాత ఐదు నిమిషాలకు అదే మనిషి పగ తీర్చుకుంటూ పెట్టే కేక, ఈ రెండే ఆ ఆటకు ప్రాణం. చాలా ఇళ్లలో కనీసం ఒక కాయనైనా చంపితే గాని లోపలి వరసలోకి పోనివ్వరు. పెద్దమనిషి తరహాలో ఎవరినీ ముట్టకుండా ఆడేవాళ్లను కూడా తగవులోకి దింపే నియమం అది, చాలా తెలివైనది.

ఆడేది నలుగురే కదా, మిగతావాళ్ల సంగతేమిటి అంటే, అష్టాచమ్మాకు వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు కూడా ఆటగాళ్లే. చదరంగంలో పక్కవాడు నోరెత్తితే తప్పు. ఇక్కడ ఎత్తకపోతే లోటు.

మనుషులు ఇరవై, ముప్పై దాటితే తంబోలాకు సాటి లేదు. అపార్ట్‌మెంట్లలో డిసెంబర్ 31 రాత్రి, కిట్టీ పార్టీల్లో, విదేశాల్లో తెలుగు సంఘాల పిక్నిక్‌లలో దాన్నే ఆడటానికి కారణం ఉంది. 1 నుంచి 90 దాకా అంకెలు, మూడు వరసల టికెట్, వరసకు ఐదు చొప్పున పదిహేను అంకెలు. ఎదురుచూపు సున్నా, ఎందుకంటే పిలిచే ప్రతి అంకే అందరిదీ. ముందుగా ఏవైనా ఐదు అంకెలు కొట్టేస్తే జల్దీ ఫైవ్, తర్వాత పై వరస, మధ్య వరస, కింది వరస, నాలుగు మూలలు, చివరికి టికెట్ మొత్తం అయిపోతే ఫుల్ హౌస్. ప్రైజును ఇలా ముక్కలు చేయడంతో ఒకదాంట్లో పోయిన ఆశ ఇంకోదాంట్లో పుడుతూ ఉంటుంది. ఎనభై ఏళ్ల తాతగారూ ఏడేళ్ల పిల్లా సరిసమానం. కానీ ఒక లోటు మాత్రం ఒప్పుకోవాలి: అందరి తలలూ టికెట్లలోనే ఉంటాయి, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. అంకెలు పిలిచే మనిషికి చమత్కారం ఉంటేనే అది పార్టీ. గొంతులో ఉత్సాహం లేనివాళ్ల చేతికి ఆ అంకెల డబ్బా ఇస్తే రేషన్ షాపులో టోకెన్లు పిలిచినట్టే ఉంటుంది.

ముఖాలు చూసుకోవడమే ఆట అయిన రకం ఇంకొకటి ఉంది. దాని తెలుగు మొలక చీటీల్లో ఉంది: రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, ఆంజనేయుడు అని కాగితం ముక్కల మీద రాసి, మడిచి, విసిరేస్తే తలా ఒకటి తీసుకుంటారు. రాముడు వచ్చినవాళ్లు చీటీ చూపించి సీత ఎవరో కనుక్కోవాలి. తప్పు చెబితే మార్కులు తారుమారు. సీత వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోలేక బయటపడటం, ఆంజనేయుడు వచ్చినవాళ్లు కావాలనే తడబాటు నటించడం, ఇదీ పదేళ్ల పిల్లల రాజకీయం. మాస్కో స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ చదువుకున్న దిమిత్రీ డేవిడాఫ్ 1980ల్లో తయారుచేసిన 'మాఫియా' ఇదే సూత్రాన్ని ఇంకా దూరం తీసుకెళ్లింది. రాత్రి అందరూ కళ్లు మూసుకుంటే, రహస్యంగా దొంగలైన కొందరు మాత్రం కళ్లు తెరిచి, చంపడానికి ఒకరిని ఎంచుకుంటారు. తెల్లవారాక అందరూ వాదించుకుని, ఓటేసి, అనుమానం వచ్చినవాళ్లను బయటికి పంపుతారు. దానికి పెట్టె అక్కర్లేదు, పటం అక్కర్లేదు, పది పన్నెండు మంది చాలు.

కుటుంబంలో ఈ ఆట చేసే పని ఒకటి గమనించాలి. మామూలు రోజున కోడలు మామగారి మాటకు ఎదురు చెప్పడానికి వందసార్లు ఆలోచిస్తుంది. ఈ ఆటలో ఆమె లేచి, "మామయ్యగారూ, మీరే దొంగ. ఇందాకటి నుంచీ మీరు ఎవరి మీదా అనుమానం చెప్పలేదు" అనగలుగుతుంది. 'గారూ' పోలేదు, 'మీరూ' పోలేదు, అయినా వేలు సూటిగా ఆయన వైపే ఉంది. ఆయన మీసం కింద నవ్వు దాచుకుంటూ "నేనా? రాముడి లాంటి వాణ్ణమ్మా" అంటాడు. ఆ ఒక్క మాటకు ఇల్లంతా పగలబడి నవ్వుతుంది. ఇద్దరి మధ్య ఉన్న దూరం ఆ రాత్రికి కాస్త తగ్గుతుంది. అయితే 'మాఫియా'కు అరటిపండు జబ్బు తప్పలేదు: మొదటి రాత్రే చచ్చిపోయినవాళ్లు చివరి దాకా గోడకు చేరగిలబడి కూర్చోవాలి. అందుకే తర్వాత వచ్చిన 'ది రెసిస్టెన్స్', 'అవలాన్' వంటి ఆటల్లో ఎవరినీ బయటికి పంపరు. ఇంట్లో 'మాఫియా'నే ఆడాలనుకుంటే, మొదట పోయినవాళ్లకు తర్వాతి ఆట నడిపించే పని అప్పగిస్తే సరిపోతుంది.

అంత్యాక్షరి గురించీ, డమ్ షరాస్ గురించీ ఎక్కువ చెప్పక్కర్లేదు. కాలేజీ బస్సుల్లో, రైలు ప్రయాణాల్లో అవి తమ సంగతి తామే నిరూపించుకున్నాయి. వాటి బలం సినిమా. మూడు తరాల వాళ్లకు ఉమ్మడిగా తెలిసిన సరుకు సినిమా పేర్లూ పాటలే కదా.

పెట్టెల్లో వచ్చే పార్టీ ఆటల్లో చాలా మాటల ఆటలు. అవి ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి, ఇంగ్లీషు మీడియం పిల్లలకు పండగ, పెద్దవాళ్లకు పరీక్ష. ఇక్కడ చేయదగిన పని ఒకటే, కార్డులను తెలుగులో రాసుకోవడం. రాసుకోవడం మొదలుపెట్టాక తెలుస్తుంది, తెలుగు ఈ ఆటలకు ఎంత అనువైన భాషో.

'కోడ్‌నేమ్స్' తీసుకుందాం. చెక్ దేశస్థుడు వ్లాదా హ్వాతిల్ రూపొందించిన ఈ ఆట 2015లో వచ్చింది. మరుసటి ఏడాది జర్మనీలో 'ష్పీల్ డెస్ యారెస్', అంటే 'ఈ ఏటి ఆట' బహుమతి గెలుచుకుంది. బల్ల మీద ఇరవై ఐదు మాటలు పరుస్తారు. వాటిలో తొమ్మిది ఒక జట్టువి, ఎనిమిది ఇంకో జట్టువి, ఏడు ఎవరివీ కావు, ఒకటి హంతకుడు. ఏది ఎవరిదో ఒక్కో జట్టు నుంచి ఒక్కరికే తెలుసు. ఆ మనిషి ఒక మాట, ఒక అంకె మాత్రమే చెప్పాలి. జట్టువాళ్లు ఆ మాట పట్టుకుని తమ కార్డులు ముట్టుకోవాలి. హంతకుణ్ణి ముట్టుకుంటే ఆట అక్కడితో ఓటమి.

ఈ ఆటకు ఇంధనం రెండర్థాల మాటలు. తెలుగులో వాటికి కొదవా? వేలు అంటే చేతి వేలు, వేల రూపాయలు. పన్ను నోట్లో ఉంటుంది, మున్సిపాలిటీకీ కడతాం. తీగ మల్లెది కావచ్చు, కరెంటుది కావచ్చు. రేకు పువ్వుకూ ఉంది, షెడ్డుకూ ఉంది. చుక్క ఆకాశంలో, ముగ్గులో, చివరికి కుళాయి కింద కూడా. పాలు, గంట, గుండు, పిక్క, దళం, ఇలా గంటసేపు కూర్చుంటే వంద దొరుకుతాయి. "డబ్బు, రెండు" అంటే వేలు, పన్ను. "తిరుపతి, రెండు" అంటే కొండ, గుండు.

ఇప్పుడు బల్ల మీద గుడి, కొమ్ము అనే మాటలు ఉన్నాయనుకోండి. గుడి పక్కన గంట ఉంది, కొమ్ము పక్కన ఎద్దు ఉంది. సూచన ఇచ్చే అత్తయ్య కాసేపు ఆలోచించి "గుణింతం, రెండు" అంటుంది. ఇంటర్ చదివే మనవడు గుడి అంటే గంట అనీ, కొమ్ము అంటే ఎద్దు అనీ పట్టుబట్టి తప్పుడు కార్డుల వైపు చెయ్యి చాస్తుంటాడు. అంతదాకా నోరు విప్పని అమ్మమ్మ వంగి గుడి, కొమ్ము అనే ఆ రెండు కార్డుల మీదే వేలు పెడుతుంది. కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. పలక మీద దిద్దినప్పటి చదువు డెబ్భై ఏళ్ల తర్వాత జట్టును గెలిపించింది. ఆ తర్వాత ఆమెను వంటింట్లోకి వెళ్లమన్నా వెళ్లదు.

ఇదే భాష కొన్ని చిక్కులూ తెస్తుంది. 'ఒకే మాట చెప్పాలి' అన్న నియమం ఇంగ్లీషులో స్పష్టం. తెలుగులో మాట ఎక్కడ ఆగుతుంది? 'పెళ్లివారిల్లు' ఒక మాటా, మూడా? సమాసాలు కట్టడం వచ్చినవాళ్లు ఒక్క మాటలో ఒక కథ చెప్పేస్తారు. అందుకని నిఘంటువులో విడిగా దొరికే మాట అయితేనే ఒప్పుకోవాలని ముందే అనుకోవడం మంచిది. 1989లో వచ్చిన 'టాబూ' ఆటలోనైతే తగువు ఇంకో రకం. కార్డు మీద ఉన్న మాటను జట్టుతో చెప్పించాలి, దాని కింద రాసిన ఐదు మాటల్ని మాత్రం నోటివెంట రానివ్వకూడదు. కార్డు మీద 'ఆవకాయ' ఉంది, కింద మామిడికాయ, కారం, నూనె, పచ్చడి, జాడీ ఉన్నాయి. చెప్పేవాళ్లు కంగారులో 'నూనెలో' అన్నారు. అది నూనె కాదు, నూనెలో అని వాదిస్తే? విభక్తులు అతుక్కునే భాషలో ఈ వాదన తప్పదు. మూలమాట వినపడితే తప్పే అని ఒక్క ముక్కలో తేల్చుకోవాలి. మిగిలిన దారేమిటంటే, "ఎండాకాలంలో డాబా మీద అందరం కూర్చుని ముక్కలు తుడుస్తాం" అనాలి. వెంటనే నాలుగు గొంతులు అందుకుంటాయి. పిజ్జా తిని పెరిగిన పిల్లలు కూడా ఆ ముక్కలు తుడిచినవాళ్లే.

2019లో అదే జర్మన్ బహుమతి గెలిచిన 'జస్ట్ వన్' అనే ఆట ఇంకా తేలిక. ఒకరికి కనపడకుండా ఒక మాట ఎంచుకుంటారు. మిగతావాళ్లంతా ఆ మాటకు ఒక్కో సూచన రహస్యంగా రాస్తారు. ఇద్దరు ఒకే సూచన రాస్తే ఆ రెండూ కొట్టేస్తారు, మిగిలిన సూచనలు చూసి ఆ ఒక్కరు మాట కనుక్కోవాలి. మాట 'ఉగాది' అయిందనుకోండి. మొదటి విడతలో నలుగురు 'పచ్చడి' రాస్తారు, నాలుగూ పోతాయి. తెలివొచ్చిన తర్వాత అందరూ పచ్చడిని వదిలేసి వేపపువ్వు, పంచాంగం, కోయిల, చైత్రం అని పక్కదారులు వెతుకుతారు. అప్పుడు పచ్చడి అని రాసే ధైర్యం ఒక్కరికీ ఉండదు. ఇందులో జట్లు లేవు, అందరిదీ ఒకే గెలుపు. ఓడిపోతే ముఖం మాడ్చుకునే మనిషి ఇంట్లో ఒకరుంటే ఇదే తీయాలి.

తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లకు, అంటే బెంగళూరులోనో డల్లాస్‌లోనో పెరుగుతున్న పిల్లలకు, బొమ్మల దారి ఉంది. పిక్షనరీలోని వస్తువుల పేర్లు పక్కన పెట్టి సామెతలు గీయించండి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, గోడ మీద పిల్లి, కొండను తవ్వి ఎలుకను పట్టడం, చెవిటివాడి ముందు శంఖం ఊదడం. చెవిలో మాట చెబితే చాలు, గీయడానికి అక్షరాలు రానక్కర్లేదు. పిల్ల కొండా, గునపం, ఎలుకా గీస్తే తాతగారు సామెత మొత్తం చెబుతారు. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పాయింటు రాదు. పిల్లలను కూర్చోబెట్టి సామెతలు నేర్పించబోతే పారిపోతారు, ఇందులో మాత్రం ఇంకొకటి ఇమ్మని అడుగుతారు.

'డిక్సిట్' కూడా అక్షరాలు లేని ఆటే. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ లూయీ రూబిరా తయారుచేస్తే 2008లో వచ్చింది. కలల్లాంటి బొమ్మల కార్డులు, మూల పెట్టెలో ఎనభై నాలుగు. ఒకరు తన కార్డు చూపకుండా దాని గురించి ఒక మాట చెబుతారు. మిగతావాళ్లు ఆ మాటకు సరిపోయే కార్డులు తమ చేతిలోంచి వేస్తారు. అన్నీ కలిపి పరిచాక అసలుది ఏదో అందరూ ఊహించాలి. దీని గొప్పతనమంతా మార్కుల్లో ఉంది. అందరూ కనుక్కున్నా, ఎవరూ కనుక్కోకపోయినా చెప్పినవాళ్లకు సున్నా. కొందరికి తెలిసి, కొందరికి తెలియని మాట చెప్పాలి. కుటుంబం అంటే అచ్చంగా అదే కదా: అక్కాచెల్లెళ్లకు తెలిసి అల్లుళ్లకు తెలియని సంగతులు, పిల్లలకు తెలిసి తల్లిదండ్రులకు తెలియని సంగతులు. "ఆ రోజు వర్షంలో బస్సు" అని ఒకరు అంటే ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు, మిగతావాళ్లు ఆ కథేమిటని ఆట ఆపించి మరీ అడుగుతారు. ఒక్క జాగ్రత్త: అన్నీ పుట్టింటి జ్ఞాపకాలే చెబుతూ పోతే కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ అరటిపండ్లే.

సందడిని చంపేది ఇంకొకటి ఉంది, తొండి. తొండి ఆడారా లేదా అన్న తగువులో ఎక్కువ భాగం మోసం వల్ల రాదు, ఒక్కో ఇంట్లో ఒక్కో నియమం ఉండటం వల్ల వస్తుంది. 1971లో అమెరికాలోని ఒహాయోలో మెర్ల్ రాబిన్స్ అనే మంగలి తన కొడుకుతో పేకాట నియమాల మీద వాదన వచ్చి, ఆ వాదన తీర్చడానికే యూనో అనే కార్డుల ఆటను తయారుచేశాడని చెబుతారు. ఇప్పుడు యూనో మీదే ఊరూరా వాదనలు. పక్కవాళ్లతో నాలుగు కార్డులు తీయించే ప్లస్ ఫోర్ కార్డు మీద ఇంకో ప్లస్ ఫోర్ వేసి, ఆ తర్వాతివాళ్ల నెత్తిన ఎనిమిది కార్డులు రుద్దడం మన ఇళ్లలో వేదవాక్కు. అలా వేయకూడదని 2019లో ఆ ఆట సొంత ట్విటర్ ఖాతా చెబితే ప్రపంచమంతా గోల పెట్టింది. ఇలాంటప్పుడు పెట్టెలో కాగితం ఏం చెబుతోందన్నది పెద్ద విషయం కాదు, ఈ రాత్రి మనం ఎలా ఆడుతున్నామో మొదటి కార్డు వేయకముందే పైకి అనుకోవాలి. మొదటి విడత లెక్కలోకి రాదని చెప్పేస్తే కొత్తవాళ్లకు టెన్షన్ పోతుంది. ఉత్తుత్తి విడతలో తప్పులు చేసిన మనిషి అసలు విడతలో చెలరేగిపోవడం ఎన్నిసార్లైనా చూడొచ్చు. నియమాల కాగితం అందరికీ చదివి వినిపించే ఇంట్లో మాత్రం ఆట మొదలవకముందే సగం మంది జారుకుంటారు. ఎవరో ఒకరు ముందుగానే నేర్చుకుని, రెండు నిమిషాల్లో నోటితో చెప్పేయాలి.

ఇక తెలుగు కార్డుల తయారీకి ఖర్చేమీ లేదు. ప్రతి ఇంట్లో అల్మారా పైన పాత శుభలేఖల కట్ట ఒకటి ఉంటుంది, పారేయడానికి మనసొప్పక దాచినవి. ఆ అట్ట గట్టిగా ఉంటుంది, ఒక్కో శుభలేఖకు ఆరో ఎనిమిదో ముక్కలు వస్తాయి. ఇరవై శుభలేఖలు కత్తిరిస్తే వంద మాటలకు పైగా రాసుకోవచ్చు. కోడ్‌నేమ్స్‌లో మాట రాసిన వైపే పైకి పెడతారు కాబట్టి రెండో వైపు ఏమున్నా ఫర్వాలేదు. రాసేటప్పుడు పిల్లలను కూర్చోబెట్టి లావుపాటి స్కెచ్ పెన్నుతో రాయించండి, పెద్దవాళ్లకు కళ్లజోడు లేకుండా కనపడాలి. ఆట అయిపోయి కార్డులు తిరగేసి సర్దుతుంటే అటు వైపు సగం తెగిన పేర్లు, ఒక ముహూర్తం, ఏదో ఊరి కల్యాణ మండపం బయటపడతాయి. ఎవరి పెళ్లిదో కనుక్కోవడంలో పడి ఆ సర్దడం ఇంకో అరగంట పడుతుంది.